పెట్టె మీది అంకె, తోలు దగ్గరి వేగం: జింక, ఎల్క్ వేటకు తూటా ఎంపిక

కొలరాడోలో అక్టోబరు మధ్యకు వచ్చేసరికి ఎల్క్ అనే పెద్ద జింక జాతి జంతువు రైఫిల్ వేట మొదలవుతుంది. జింకల వేట ఆ వెనకే వస్తుంది. దానికి నెలా రెండు నెలల ముందు నుంచే వేట సామగ్రి దుకాణాల్లో తూటాల అరల ముందు జనం ఆగి ఆగి కదులుతుంటారు. ఒకే .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ తూటా, ఒకే 180 గ్రెయిన్ల బరువు, పెట్టెకు అవే ఇరవై. అయినా ఒక పెట్టె ధరకు పక్క పెట్టె ధర రెట్టింపు ఉంటుంది. రెండింటి మీదా ఇంచుమించు ఒకే వేగం, ఒకే శక్తి అచ్చు వేసి ఉంటాయి. ఒకదాని మీద జింక బొమ్మ, రెండోదాని మీద ఎల్క్ బొమ్మ. మరి ఆ అదనపు డబ్బు దేనికన్నది పెద్ద అక్షరాల్లో ఎక్కడా రాసి ఉండదు. లోపలి బుల్లెట్‌ను ఎలా కట్టారు, అది జంతువు తోలును తాకే క్షణంలో ఎంత వేగంతో ఉంటుంది అన్న రెండు విషయాలు తెలిస్తే ధరల తేడా దానంతటదే అర్థమవుతుంది. క్యాలిబర్ల (రైఫిల్ గొట్టం రంధ్రపు వెడల్పుల) మీద జరిగే వాదాల్లో సగానికి సగం ఈ రెండింటినీ పక్కన పెట్టి జరిగేవే.

ముందుగా ఒక మాట సరిచూసుకోవాలి. తెలుగు వాడుకలో తూటా అన్నా బుల్లెట్ అన్నా ఒకటే. ఇక్కడ మాత్రం ఇత్తడి గొట్టం, దాని అడుగున మందును అంటించే ప్రైమర్, లోపల తుపాకీ మందు, మూతి దగ్గర బిగించిన బుల్లెట్, ఈ నాలుగూ కలిసినదాన్ని తూటా అని, వాటిలో గాలిలోకి ఎగిరి వెళ్లే ముక్కను మాత్రమే బుల్లెట్ అని అందాం. బుల్లెట్ బరువును గ్రెయిన్లలో చెబుతారు. మన కంసాలులు గురివింద గింజతో బంగారం తూచినట్టే, ఇంగ్లండులో ధాన్యపు గింజతో మొదలైన కొలత ఇది. పౌండుకు 7,000 గ్రెయిన్లు. ఆ లెక్కన 180 గ్రెయిన్ల బుల్లెట్ 11.7 గ్రాములకు కాస్త తక్కువ తూగుతుంది. దూరాన్ని గజాల్లో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో, శక్తిని అడుగు-పౌండ్లలో చెప్పడం అమెరికన్ పద్ధతి. పెట్టెల మీద ఉండేవి అవే కనుక ఇక్కడా అవే కొలతలు వాడక తప్పదు.

వేట బుల్లెట్ పని జంతువు లోపలికి దిగి విచ్చుకోవడం. మొన దగ్గర మెత్తగా ఉండి, తగలగానే పుట్టగొడుగులా వెడల్పై, ఆ వెడల్పుతోనే ఊపిరితిత్తుల గుండా సాగిపోవాలి. ఈ ఆలోచన చరిత్రలో మన దేశానికీ పాత్ర ఉంది. 1890ల చివర్లో కలకత్తా శివారులోని డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిష్ సైన్యం కోసం మొన దగ్గర సీసం బయటకు కనిపించే బుల్లెట్లు తయారయ్యాయి. 1899 నాటి హేగ్ ప్రకటన మనిషి దేహంలో విచ్చుకునే బుల్లెట్లను యుద్ధంలో వాడరాదంది. వేట చట్టాలు సరిగ్గా దీనికి ఎదురు దిశలో నడుస్తాయి. ఆ చివరి నుంచి ఈ చివరికి లోహపు తొడుగు కప్పిన సైనిక బుల్లెట్ జింకలో సన్నని రంధ్రం చేసి బయటకు పోతుంది. ఆ జంతువు మైళ్ల దూరం పరుగెత్తి, ఎవరికీ దొరకని చోట గంటల తరబడి యాతనపడి చస్తుంది. అందుకే కొలరాడో వంటి రాష్ట్రాలు పెద్ద జంతువుల వేటకు విచ్చుకునే బుల్లెట్ తప్పనిసరి చేశాయి. చౌకగా దొరుకుతుందని అభ్యాసానికి కొన్న సైనిక రకం పెట్టెను వేటకు తీసుకుపోవడం తప్పు మాత్రమే కాదు, అక్కడ నేరం కూడా.

ఇక జంతువులు. అమెరికాలో అత్యధికంగా వేటాడే తెల్లతోక జింక మన దుప్పికి దగ్గరి పరిమాణం. దక్షిణాదిన చిన్నదిగా, ఉత్తరాదిన ఎదిగిన పోతు వంద కిలోలు దాటేంత పెద్దదిగా ఉంటుంది. పశ్చిమ రాష్ట్రాల మ్యూల్ డీర్ దానికి కొంచెం పైన. ఎల్క్ సంగతి వేరు. రాకీ పర్వతాల ఎల్క్ పెంటి 225 కిలోల దాకా, పోతు 320 కిలోల దాకా తూగుతుంది. మన అడవుల్లోని పెద్ద కణితి పోతుతో పోల్చదగిన జంతువది. బరువు ఒక్కటే తేడా కాదు: జబ్బ ఎముక మందం, ఎముక మీది కండ మందం, వాలుగా నిలబడ్డప్పుడు బుల్లెట్ దాటాల్సిన తడి గడ్డి నిండిన పొట్ట, ఇవన్నీ ఎల్క్‌లో పెరుగుతాయి. నిటారుగా పక్క చూపుతూ నిలబడ్డ జింకలో బుల్లెట్ అడుగు లోతు ప్రయాణిస్తే చాలు. వాలుగా నిలబడ్డ ఎల్క్‌లో అంతకు రెట్టింపు దూరం పోవలసి రావచ్చు. (1932లో టెక్సస్‌కు తెచ్చి వదిలిన మన దుప్పి ఇవాళ అక్కడి కొండ ప్రాంతాల్లో మందలుగా పెరిగి, స్థానిక జింకలకున్న వేట కాలపు నియమం లేకుండా ఏడాది పొడవునా వేటకు దొరుకుతోంది. దక్షిణ టెక్సస్‌లో మనుబోతులు కూడా ఉన్నాయి. తోలు మందం, మొండి ప్రాణం కారణంగా వాటికి ఎల్క్ స్థాయి తూటాలే వాడమని అక్కడివారు చెబుతారు.)

అరలో చౌకగా దొరికే పెట్టెల్లో ఉండేది దాదాపు ఎప్పుడూ సీసపు గుండె మీద రాగి మిశ్రమపు తొడుగు వేసి, మొన దగ్గర సీసాన్ని బయటకు వదిలిన సాఫ్ట్ పాయింట్ బుల్లెట్. రెమింగ్టన్ కోర్-లాక్ట్ 1939 నుంచి ఉంది. ఫెడరల్ పవర్-షాక్, వించెస్టర్ పవర్-పాయింట్, హార్నడీ ఇంటర్‌లాక్ దీని దగ్గరి బంధువులు. పాతకాలపు సరుకని వీటిని చిన్నచూపు చూడటం అన్యాయం. మామూలు వేగంతో, మామూలు దూరంలో, జింక ఊపిరితిత్తుల మీద తగిలిన సాఫ్ట్ పాయింట్ చేసే పనికి ఏ ఖరీదైన బుల్లెట్ చేసే పనీ పెద్దగా ఎక్కువ కాదు. వీటి బలహీనత ఒక్కటే: సీసానికీ తొడుగుకూ మధ్య గట్టి బంధం లేదు. అతి వేగంతో ఎముకను తాకితే తొడుగు ఒకవైపు, సీసం ఇంకోవైపు పోయే ప్రమాదం ఉంటుంది.

ఆ ప్రమాదాన్ని కళ్లారా చూసినవాడు జాన్ నోస్లర్. 1946లో ఆయన బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే భారీ జింక జాతి జంతువు వేటకు వెళ్లాడు. చేతిలో ఉన్నది అప్పటికి వేగవంతమైన .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ (మందు ఎక్కువ పట్టే తూటా) రైఫిల్. ఎదురుగా ఉన్నది ఒంటి నిండా బురద ఎండి అట్టకట్టిన మూస్. ఆయన కాల్చిన బుల్లెట్లు లోపలికి దిగకుండా పైపైనే చిట్లిపోయాయి. తక్కువ వేగాల కోసం తయారైన బుల్లెట్‌ను అధిక వేగంతో తోస్తే జరిగేది అదే. తిరిగొచ్చి ఆయన చేసిన బుల్లెట్‌లో తొడుగు మధ్యలో అడ్డంగా ఒక రాగి గోడ ఉంటుంది. గోడకు ముందున్న సీసం విచ్చుకుని, చాలావరకు రాలిపోతుంది. వెనకున్న సీసం గోడ చాటున భద్రంగా ఉండి, బుల్లెట్‌ను లోతుకు తోసుకుపోతుంది. పార్టిషన్ పేరుతో 1948 నుంచి అమ్మకంలో ఉన్న ఈ బుల్లెట్‌ను నిలువునా కోసి చూస్తే, ఇంగ్లిషు ‘హెచ్’ అక్షరాన్ని కాస్త పొడుగు చేసినట్టు కనిపిస్తుంది. ఎల్క్ అవతలి పక్క తోలు కింద చిక్కుకున్న 180 గ్రెయిన్ల పార్టిషన్‌ను బయటకు తీసి తూస్తే 110, 120 గ్రెయిన్ల దగ్గర తూగడం సహజం. మూడో వంతు పోయిందని దిగులు పడనక్కర లేదు. ఆ మూడో వంతు ఊపిరితిత్తుల్లో తన పని చేసే పోయింది.

తర్వాతి తరాలు అదే సమస్యను మరో రెండు దారుల్లో పరిష్కరించాయి. ఒకటి, సీసాన్ని తొడుగుకు విడదీయలేనంతగా అతికించడం. వీటిని బాండెడ్ బుల్లెట్లంటారు. నోస్లర్ అక్యుబాండ్, ఫెడరల్ ఫ్యూజన్, స్విఫ్ట్ సిరోకో ఈ జాతివి. వీటిలో 2005లో వచ్చిన ఫ్యూజన్, జింక వేటగాళ్ల కోసం తక్కువ ధరలో తయారైనా ఎల్క్‌కూ సరిపోయేంత గట్టిగా ఉండటం వల్ల, ధరకు తగిన విలువ చూసేవారికి మంచి ఎంపిక. రెండోది, సీసాన్నే వదిలేసి బుల్లెట్ మొత్తాన్ని రాగితో చేయడం. 1980ల చివర్లో బార్న్స్ ఎక్స్ బుల్లెట్‌తో ప్రాచుర్యంలోకి వచ్చిన ఈ పద్ధతిలో మొన దగ్గరి గుంట నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది, బరువు దాదాపు పూర్తిగా నిలుస్తుంది. తొలి ఎక్స్ బుల్లెట్లు రైఫిల్ గొట్టంలో రాగి పేరుకునేలా చేస్తాయని, గురి నిలకడ లేదని ఫిర్యాదులు ఉండేవి. ఒంటి మీద గాడులు చెక్కిన తర్వాతి రూపాలతో ఆ మాట చాలావరకు పాతబడింది.

వీటికి దూరంగా నిలబడేది పొడవాటి సన్నని ఒళ్లు, ప్లాస్టిక్ మొన ఉన్న దూరపు గురి బుల్లెట్ల జాతి; హార్నడీ ఈఎల్‌డీ-ఎక్స్ దీనికి బాగా తెలిసిన ప్రతినిధి. గాలిని సులువుగా చీల్చుకుపోవడం దీని బలం. ఆ బలం ఎంతో ఒక పోలికతో తెలుస్తుంది. .30-06లో 180 గ్రెయిన్ల కోర్-లాక్ట్ గొట్టం మూతి దగ్గర 2,700 అడుగుల వేగంతో బయలుదేరి, రెమింగ్టన్ ప్రకటించిన లెక్క ప్రకారం 200 గజాల దగ్గర 2,250కి, 300 దగ్గర 2,042కి, 400 దగ్గర 1,846కి పడిపోతుంది. 6.5 క్రీడ్‌మోర్‌లో (.30-06 కన్నా సన్నని బుల్లెట్ ఉండే తూటా) 143 గ్రెయిన్ల ఈఎల్‌డీ-ఎక్స్ కూడా అదే 2,700తో మొదలవుతుంది; కానీ 400 గజాల దగ్గర దాని వేగం ఇంకా 2,150 దరిదాపుల్లో ఉంటుంది. పెట్టె మీద పెద్దగా అచ్చయిన అంకె రెండింటికీ ఒకటే. జంతువు నిలబడ్డ చోట మాత్రం మూడు వందల అడుగుల తేడా.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ప్రతి బుల్లెట్‌కూ విచ్చుకోవడానికి కావలసిన కనీస వేగం ఒకటుంటుంది. మామూలు సాఫ్ట్ పాయింట్లకూ చాలా బాండెడ్ రకాలకూ అది సుమారు 1,800 అడుగులు. రాగి బుల్లెట్లు చాలావరకు అంతకన్నా కొంచెం ఎక్కువే అడుగుతాయి. దూరపు గురి కోసం చేసిన మెత్తని మొనలు 1,600 దగ్గర కూడా విచ్చుకుంటాయని తయారీదారులు చెబుతారు. ఆ గీత దాటి కిందికి పోతే ఎంత ఖరీదైన వేట బుల్లెట్ అయినా సైనిక బుల్లెట్‌లా సన్నని రంధ్రం చేసి వెళ్లిపోతుంది. పై .30-06 లెక్కలో 400 గజాలు దాటగానే ఆ గీత వచ్చేస్తుంది. 170 గ్రెయిన్ల .30-30 అయితే 2,200తో మొదలై 100 గజాలకే 1,895కి, 200 గజాలకు 1,619కి దిగుతుంది. 1895 నాటి ఈ తూటా తూర్పు రాష్ట్రాల దట్టమైన అడవుల్లో ఈనాటికీ బతికి ఉందంటే, ఆ తూటాల్లోని బుల్లెట్లను అంత తక్కువ వేగానికే విచ్చుకునేంత మెత్తగా చేస్తారు గనుక, అక్కడ జింక కనిపించేదీ వంద గజాల లోపే గనుక.

ఇదే లెక్క తిరగేస్తే మరో కోణం కనిపిస్తుంది, దీన్ని చాలామంది మరచిపోతారు. .300 వించెస్టర్ మాగ్నమ్‌లో 180 గ్రెయిన్ల బుల్లెట్ 2,960 అడుగులతో బయలుదేరుతుంది. 400 గజాల దూరాన్ని మనసులో పెట్టుకుని దానికి మెత్తని దూరపు గురి బుల్లెట్ కొన్నవాడికి, తెల్లవారుజామున స్ప్రూస్ చెట్ల మధ్య 40 గజాల దూరంలో ఎల్క్ పోతు ఎదురైందనుకుందాం. బుల్లెట్ ఇంకా 2,850కి పైగా వేగంతో జబ్బ ఎముకను తాకుతుంది, అక్కడికక్కడే చిట్లిపోయి కండలో పెద్ద గుంట చేసి ఆగిపోతుంది, ఊపిరితిత్తులు చెక్కుచెదరవు. నోస్లర్ 1946లో చూసింది ఇదే. అంటే మాగ్నమ్ తూటా కొనేవాడు బుల్లెట్ గట్టితనం మీద ఎక్కువ డబ్బు పెట్టాలి. నిదానమైన తూటా వాడేవాడికి మామూలు సాఫ్ట్ పాయింట్ చాలు. దుకాణంలో మాత్రం తరచూ దీనికి తలకిందులుగా, రైఫిల్‌కు పెట్టిన ఖర్చును తూటాల్లో మిగుల్చుకోవాలన్న ఆత్రం కనిపిస్తుంది.

శక్తి అంకె మరీ మోసకారి. .243 వించెస్టర్ తూటాలో 100 గ్రెయిన్ల జింక బుల్లెట్ మూతి దగ్గర 1,945 అడుగు-పౌండ్ల శక్తితో ఉంటుంది. అదే .243లో ప్రెయిరీ డాగ్ వంటి చిన్న జంతువుల కోసం చేసిన 58 గ్రెయిన్ల పలచని బుల్లెట్ సెకనుకు 3,900 అడుగుల చొప్పున వెళ్తుంది కనుక దాని శక్తి 1,950 దాటుతుంది. కాగితం మీద రెండోదే బలమైనది. జింక మీద మాత్రం అది తోలు కిందే పొడిపొడి అయిపోతుంది. శక్తి అనేది పని చేయగల సామర్థ్యమే తప్ప, ఆ పని ఎక్కడ జరుగుతుందో చెప్పే అంకె కాదు. లోతు చెప్పాలంటే బుల్లెట్ బరువును దాని అడ్డుకొలతతో పోల్చి చూసే సెక్షనల్ డెన్సిటీ కొంతవరకు పనికొస్తుంది. .30 క్యాలిబర్‌లో 150 గ్రెయిన్లకు అది 0.226, 180 గ్రెయిన్లకు 0.271, 6.5 క్రీడ్‌మోర్ 143 గ్రెయిన్లకు 0.293. సన్నని 6.5 లోతుగా దిగుతుందన్న పేరు వెనకున్న రహస్యం ఇదే. అయితే ఈ అంకె విచ్చుకోని బుల్లెట్‌కే పూర్తిగా వర్తిస్తుంది. విచ్చుకున్నాక ఎంత వెడల్పయింది, ఎంత బరువు మిగిలింది అన్నవే లోతును తేలుస్తాయి.

చట్టం కూడా అంకెల మీదే ఆధారపడక తప్పలేదు. కొలరాడోలో పెద్ద జంతువుల వేటకు రైఫిల్ కనీసం .24 క్యాలిబర్‌ది కావాలి. విచ్చుకునే బుల్లెట్ జింకకు కనీసం 70 గ్రెయిన్లు, ఎల్క్‌కు, మూస్‌కు కనీసం 85 గ్రెయిన్లు తూగాలి. తయారీదారు లెక్క ప్రకారం 100 గజాల దగ్గర కనీసం 1,000 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలి. పైన చెప్పిన 58 గ్రెయిన్ల బుల్లెట్‌ను బరువు నియమం ఆపేస్తుంది. కానీ 100 గ్రెయిన్ల .243 ఎల్క్‌కు చట్టబద్ధమే. చట్టం గీసింది గడప. గడప మీద నిలబడితే ఇంట్లోకి వచ్చినట్టు కాదు. నేర్పరి చేతిలో .243 ఎల్క్‌ను పడగొట్టగలదు, దూరం తక్కువగా, జంతువు పక్కకు తిరిగి ఉంటే. తొలిసారి ఎల్క్ వేటకు వెళ్లేవాడు ఆ రెండు షరతుల మీద పందెం కాయకపోవడం మంచిది. ఒహాయో వంటి మైదాన రాష్ట్రాల నియమాలు మరో తీరు: 2014 నుంచి అక్కడ జింక వేటకు ఇత్తడి గొట్టం అడుగు నుంచి మూతి దాకా తిన్నగా ఉండే తూటాల రైఫిళ్లను అనుమతించారు; .450 బుష్‌మాస్టర్, .350 లెజెండ్ వంటివి ఇలాంటి నియమాల నీడలోనే పెరిగాయి. కాబట్టి పెట్టె కొనే ముందు ఆ ఏటి రాష్ట్ర నియమావళి చదవాలి.

అమెరికాలోని తెలుగువారిలో కొందరు ఈ మధ్య ఈ వేటకు అలవాటు పడుతున్నారు కనుక ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. సమాఖ్య చట్టం ప్రకారం హెచ్-1బి, ఎఫ్-1 వంటి వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీయే కాదు, ఒక్క తూటాను దగ్గర ఉంచుకున్నా నేరమే. ఆ చట్టంలో ఉన్న మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. మిత్రుడి కోసం ఒక పెట్టె కొని కారులో పెట్టుకున్నా ఈ నియమం వర్తిస్తుంది. లైసెన్సు గడువు తీరాక గరాజ్‌లో మిగిలిన పెట్టెకూ వర్తిస్తుంది. వీసా భవిష్యత్తుతో ముడిపడిన విషయం కనుక న్యాయవాదిని అడిగి అడుగు వేయడం క్షేమం. వేటకు వాడిన సంచినే హైదరాబాద్ ప్రయాణానికి వాడటం మరో ప్రమాదం. దాని అరలో మరచిపోయిన ఒక్క తూటా మన విమానాశ్రయంలో బయటపడితే 1959 నాటి ఆయుధ చట్టం కింద కేసు అవుతుంది.

క్యాలిబర్ ఎంపిక దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర లేదు. .30-06 వచ్చింది 1906లో, .270 వించెస్టర్ 1925లో, .308 వించెస్టర్ 1952లో, 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ 1962లో; వీటితో పడని ఎల్క్ కొత్తగా వచ్చిన తూటాలతో మాత్రమే పడుతుందనడానికి ఎల్క్ ఏమీ మారలేదు. తేడా వచ్చేది భుజం దగ్గర. .300 మాగ్నమ్ రైఫిల్ .30-06 కన్నా పావు వంతు ఎక్కువగా, 6.5 క్రీడ్‌మోర్ కన్నా రెట్టింపుగా వెనక్కి తన్నుతుంది. ఆ తన్నుకు భయపడి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసేవాడి బుల్లెట్ పొట్టలో దిగుతుంది. పొట్టలో దిగిన మాగ్నమ్ కన్నా ఊపిరితిత్తుల్లో దిగిన 6.5 వెయ్యి రెట్లు నయం. తూటా ఎంపికలో ఇది తూకానికి అందని అంశమే అయినా దీని బరువే ఎక్కువ.

సీసమా రాగా అన్న ప్రశ్న ఇరవై ఏళ్ల కిందట కేవలం రుచుల తేడా. ఇప్పుడు అలా కాదు. కాలిఫోర్నియా కాండర్ అనే పెద్ద రాబందు 1982 నాటికి 22 పక్షులకు చేరింది. వేటగాళ్లు వదిలేసిన పేగుల్లోని సీసం రేణువులు తిని చనిపోవడం దాని పునరుద్ధరణకు ఇప్పటికీ పెద్ద ఆటంకం. అందుకే 2013లో చేసిన చట్టంతో కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి రాష్ట్రమంతటా వేటలో సీసపు తూటాలను నిషేధించింది. అరిజోనా మరో దారి పట్టింది: కైబాబ్ పీఠభూమిలో వేటాడేవారికి 2005 నుంచి సీసం లేని తూటాలను ఉచితంగా ఇస్తూ, వాడమని అడుగుతూ వచ్చింది. మన ఇంటి వంటకూ దీనికీ సంబంధముంది. 2008లో నార్త్ డకోటాలో పేదలకు దానమిచ్చిన జింక కైమాను ఎక్స్‌రే తీస్తే సీసపు రేణువులు కనిపించాయి. వేగంగా తగిలి చిట్లిన సీసం గాయం చుట్టూ అంగుళాల దూరం కంటికి కనిపించనంత సన్నగా చిమ్ముతుంది. సీసపు బుల్లెట్ వాడేవారు గాయం చుట్టూ కమిలిన మాంసాన్ని ఉదారంగా కోసి పారేయాలి, పిల్లలున్న ఇంట్లో అయితే ఆ ముక్కలను కైమాకు అసలు కలపకూడదు. చిన్న పిల్లలూ గర్భిణులూ తినే ఇంటికి రాగి బుల్లెట్ సూటి జవాబు.

రాగికి మారేటప్పుడు బరువు ఒక మెట్టు దించాలి. సీసం సాంద్రత 11.3, రాగిది 8.9, అదే బరువుకు రాగి బుల్లెట్ పొడవుగా ఉంటుంది, బుల్లెట్‌ను తిప్పడానికి రైఫిల్ గొట్టం లోపల చెక్కిన మెలిక గాడులు దాన్ని స్థిరంగా తిప్పలేకపోవచ్చు. పైగా రాగి బరువు పోగొట్టుకోదు కనుక .30-06లో సీసపు 180కి బదులు రాగి 165 లేదా 150, .270లో 150కి బదులు 130 పెట్టుకుంటే లోతు తగ్గదు, వేగం పెరుగుతుంది, ఆ పెరిగిన వేగమే రాగి విచ్చుకోవడానికి అవసరం.

ఇన్ని లెక్కల తర్వాత ఒక స్పష్టమైన అభిప్రాయం చెప్పకపోతే పాఠకుడికి అన్యాయం. తెల్లతోక జింక, 200 గజాల లోపు, .308 లేదా .270 అయితే 150 లేదా 130 గ్రెయిన్ల మామూలు సాఫ్ట్ పాయింట్ చాలు, మిగిలిన డబ్బు అభ్యాసానికి పెట్టవచ్చు. ఒకే రైఫిల్‌తో జింకనూ ఎల్క్‌నూ వేటాడదలిస్తే .30-06లో 180 గ్రెయిన్ల పార్టిషన్ లేదా అదే బరువు బాండెడ్ తూటాకు మించిన సర్దుబాటు కనిపించదు. జింకకు అది అవసరానికి మించి గట్టిదే, కానీ మాంసం తక్కువ పాడవుతుంది. 6.5 క్రీడ్‌మోర్‌తో ఎల్క్‌కు వెళ్లేవారు దూరపు గురి బుల్లెట్ కన్నా రాగి లేదా బాండెడ్ రకం తీసుకుని, 300 గజాల దగ్గర గీత గీసుకోవడం వివేకం. మాగ్నమ్‌లకు మెత్తని బుల్లెట్ వద్దు.

ఏది ఎంచుకున్నా చివరి మాట రైఫిల్‌ది. పెట్టె మీది వేగం సాధారణంగా 24 అంగుళాల పరీక్ష గొట్టంలో కొలిచినది. 20 అంగుళాల గొట్టం ఉన్న రైఫిల్‌లో అంగుళానికి సుమారు పాతిక అడుగుల చొప్పున వంద అడుగుల వేగం తగ్గుతుంది, విచ్చుకునే గీత ఆ మేరకు దగ్గరికి జరుగుతుంది. ఒకే నమూనా రైఫిళ్లు రెండు ఒకే పెట్టె తూటాలను కాగితం మీద వేరువేరుగా తగిలించడం వింతేమీ కాదు. అందుకే బుల్లెట్ జాతి తేల్చుకున్నాక రెండు మూడు తయారీల పెట్టెలు ఒక్కొక్కటి కొని, గొట్టాన్ని చల్లారనిస్తూ, 100 గజాల కాగితం మీద మూడేసి తూటాల చొప్పున కనీసం మూడుసార్లు కాల్చి చూడాలి. అంగుళంన్నర లోపు గుంపు కడితే ఎల్క్‌కూ జింకకూ అది చాలినంత గురి. అర అంగుళం కోసం మెత్తని బుల్లెట్‌కు మారడం బేరం కాదు. పెట్టె మీది పేరు, గొట్టం మీద చెక్కిన పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటే అయ్యుండాలని వేరే చెప్పనక్కర లేదు; .308 అని, .30-06 అని, .300 అని మొదలయ్యే పేర్లన్నీ ఒక్కటనుకున్నవారి రైఫిళ్లు పగిలిన సందర్భాలున్నాయి. సముద్ర మట్టం దగ్గర సరిచూసుకున్న గురి తొమ్మిది, పది వేల అడుగుల ఎత్తున 300 గజాల లోపు అంగుళం అటూ ఇటూ మారుతుంది, అంతే. విమానంలో, గుర్రం మీద ప్రయాణంలో స్కోప్‌కు (గురి చూసే దుర్భిణికి) తగిలే దెబ్బలు అంతకన్నా ఎక్కువ తేడా తెస్తాయి, కాబట్టి వేట ముందు రోజు శిబిరం దగ్గర మూడు తూటాలు ఖర్చు పెట్టుకోవడం లెక్కలో వేసుకోవాలి.

ఆ లెక్క పెట్టెల సంఖ్యను తేలుస్తుంది. ఎంచుకున్న తూటా పరీక్షకు పది, గురి సరిచూడటానికి ఆరు, వేసవి అభ్యాసానికి నలభై, వేటకు పది అనుకున్నా మూడు పెట్టెలు దాటుతాయి. తూటాల మీద 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తయారీదారు కట్టే 11 శాతం పన్ను ధరలో కలిసే ఉంటుంది, అది వన్యప్రాణి సంరక్షణకే పోతుంది. కొలరాడోలో 2025 ఏప్రిల్ నుంచి అదనంగా 6.5 శాతం రాష్ట్ర పన్ను కూడా చేరింది. 2020, 2021లో అరలు ఖాళీ అయినప్పుడు సెప్టెంబరులో తూటాల వేటకు బయలుదేరినవారు తమ రైఫిల్‌కు నచ్చినది దొరక్క, దొరికినది నచ్చక ఇబ్బంది పడ్డారు. రైఫిల్‌కు నచ్చిన తూటా దొరికిన రోజున పెట్టె మూత లోపలి అంచున ముద్రించిన లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) సంఖ్య చూసి, అదే సంఖ్య ఉన్న మరో మూడు పెట్టెలు తీసుకోవాలి. మందు మారిన లాట్‌లో బుల్లెట్ అదే అయినా తగిలే చోటు కొంచెం జరగవచ్చు. వేటకు దాచిన పెట్టె మూత మీద ఆ సంఖ్యతో పాటు గురి సరిచూసిన తేదీ పెన్నుతో రాసి పెట్టుకుంటే, వచ్చే అక్టోబరులో సగం మిగిలిన పెట్టె ఏదో గుర్తుపట్టడానికి అది చాలు.